పండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలంటే భయమెందుకు?

(సమాఖ్య వార్షికోత్సవంలో భాగంగా సోలాపూర్‌లో జరిగిన కుటుంబ ఆరోగ్య సదస్సులో ఒక దంతవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

మార్కండేయ మహర్షికి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నాది పుస్తకాల తెలుగు కాదు. నేను బడిలో చదివింది మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు మాత్రం మా అవ్వ దగ్గర, బీడీలు చుట్టే వాకిట్లో నేర్చుకున్నదే. నల్లగొండ, కరీంనగర్, పాలమూరు నుంచి మన పెద్దలు మూటగట్టుకుని తెచ్చిన తెలుగు ఈ ఊర్లో మరాఠీతో, కన్నడతో కలిసి ఎట్లా తయారైందో మీకు తెలుసు. కంచి, సేలం, బరంపురం, యానాం నుంచి వచ్చినవాళ్లకు ఒకటి రెండు మాటలు అందకపోతే పక్కన కూర్చున్న సోలాపూరోళ్లను అడగండి.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘దంత సంరక్షణ’. రోజుకు రెండుసార్లు బ్రష్ చేయండి, తీపి తగ్గించండి అని చెప్పి కూర్చోవచ్చు. ఆ మాట టీవీలో ప్రకటనలు రోజూ చెప్తూనే ఉన్నాయి. నేను ఇంకోటి అడుగుతాను. ఏ నొప్పీ లేకుండా, ఊరికే చూపించుకోవడానికి పండ్ల డాక్టర్ దగ్గరికి పోయినవాళ్లు చేతులెత్తండి.

లెక్కపెట్టాను. పదకొండు చేతులు. అందులో ఇద్దరు మా దగ్గరి చుట్టాలు, నా ముఖం చూసి ఎత్తారు.

మరి మిగతావాళ్లంతా అశ్రద్ధ మనుషులా? అట్లా అనుకోను. పడుగులో ఒక్క పోగు తెగితే పది అడుగుల దూరం నుంచి పట్టుకునే కళ్లు మనవి. పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి రిక్షా కట్టించుకుని పోతాం. పంటి దగ్గరికి వచ్చేసరికి లవంగం పెట్టుకుంటాం, కర్పూరం పెట్టుకుంటాం, మందుల దుకాణంలో గోళీ కొని మింగుతాం. కొందరు ఆ గోళీని మింగకుండా చిగురు మీద పెట్టుకుంటారు, దాంతో చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది. ఏం చేసైనా సరే, ఆ కుర్చీ ఎక్కే రోజును ఒక వారం వెనక్కి నెడతాం. దీనికి పేరు భయం. ఈ భయం గురించే మాట్లాడదామని వచ్చాను. మా ఇంటి కథతోనే చెప్తాను, మా నాయిన అనుమతి తీసుకునే చెప్తున్నాను.

మా నాయిన చద్దర్ల కార్ఖానాలో ముప్పై నాలుగేండ్లు మగ్గం నడిపాడు. చిన్నప్పుడు మాకు పాలపన్ను ఊగితే ఇంట్లో డాక్టర్ ఆయనే. కండె మీది నూలుపోగు తెంపి, పంటికి ముడి వేసి, “అగో, రేకుల మీద పిట్ట చూడు బిడ్డా” అనేవాడు. నేను పైకి చూసేలోపు పన్ను చేతిలో ఉండేది. ఏడిచేంత టైం కూడా ఉండేది కాదు. వాడకట్టులో పిల్లలంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

అట్లాంటి మనిషికి పండ్ల డాక్టర్ కుర్చీ పేరెత్తితే చెమటలు పట్టేవి. పెండ్లి కాకముందు ఒకసారి దవడ పన్ను ఉబ్బి, చెంప ఎర్రగా వాచి, వారం రోజులు ఓర్చుకుని చివరికి ఒకచోట పోయి తీయించుకున్నాడట. ఎక్కడన్నది వదిలేద్దాం. సూది వేశారు, అది పట్టలేదు. “పట్టలేదు సాబ్” అంటే “అంతా నీ మనసులోనే ఉంది” అన్నారట. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, ఒకాయన పీకాడు. ఆ రోజు బయటికి వచ్చిన మనిషి తర్వాత ముప్పై ఏండ్లు మళ్లీ ఏ పండ్ల డాక్టర్ గడపా తొక్కలేదు. కూతురు పండ్ల డాక్టర్ అయినా తొక్కలేదు.

ఆ రోజు సూది ఎందుకు పట్టలేదు? ఇది మీరందరూ తెలుసుకోవాలి. మొద్దుబారే మందు ఆరోగ్యంగా ఉన్న చిగురులో బాగా పని చేస్తుంది. చీము పట్టి, వాచి, ఎర్రబడ్డ చోట కండ పుల్లబడుతుంది, అంటే ఆమ్లగుణం పెరుగుతుంది. అక్కడ మందు నరం లోపలికి సరిగా దిగదు. కాబట్టి మా నాయిన అబద్ధం చెప్పలేదు, ఆయన మనసులో ఏమీ లేదు. వాపు తగ్గే మందిచ్చి రెండు మూడు రోజులు ఆగాల్సింది. లేదంటే వాపుకు దూరంగా, నరం మొదట్లో మందు వేసి, పట్టిందో లేదో చూసి అప్పుడు చెయ్యి పెట్టాల్సింది.

ఇందులోనే అసలు చిక్కుముడి ఉంది. భయం వల్ల ఆలస్యం చేస్తాం. ఆలస్యం వల్ల పన్ను చీము పడుతుంది. చీము పట్టిన పంటికి మందు సరిగా ఎక్కదు, నొప్పి ఎక్కువైతది. ఆ నొప్పి చూసి భయం ఇంకింత పెరుగుతుంది. ఇంటికొచ్చి నలుగురికి చెప్తాం, వాళ్లకూ భయం అంటుకుంటుంది. నొప్పి లేనప్పుడు పోయినవాడికి చిన్న రంధ్రం పూడ్చి పంపిస్తారు, అరగంట పని. వాడు వచ్చి ఎవరికీ ఏమీ చెప్పడు, చెప్పడానికి ఏముంది గనక! అందుకే మన వాడల్లో పండ్ల డాక్టర్ గురించి చెడ్డ కథలే తిరుగుతాయి.

ఇప్పుడు వాడే మందు పాతకాలం మందు కాదు. లిగ్నోకెయిన్ అంటాం, లిడోకెయిన్ అని కూడా పేరు. స్వీడన్‌లో 1943లో తయారు చేశారు, 1948 నుంచి వాడకంలోకి వచ్చింది. సూదులు కూడా మారాయి. మా నాయిన కాలంలో గాజు సిరంజి, మళ్లీ మళ్లీ మరగబెట్టిన లావు సూది. ఇప్పుడు ఒక్కరికి వాడి పారేసే సన్నటి సూది. చాలాచోట్ల సూది కంటే ముందు చిగురుకు జెల్లీ పూసి పైచర్మం మొద్దుబార్చుతారు. పూయకపోతే మీరే అడగండి.

ఇంతవరకు చెప్పింది నొప్పి భయం. దీనికి మందు ఉంది, చదువుకున్న డాక్టర్లు ఉన్నారు. నేను చెప్పదలచుకున్న రెండో భయానికి మందు లేదు. అది తిడతారన్న భయం.

మన ఆడవాళ్ల సంగతి తీసుకోండి. పూర్వ విభాగంలో ఇంటింటికి బీడీలు చుట్టారు మన అవ్వలు. పొద్దంతా తంబాకు ముందర కూర్చునే మనిషికి, ఆకలి చంపుకోవడానికో, పంటి సలుపు తగ్గడానికో మిశ్రీ అలవాటైంది. తంబాకు మాడ్చి పొడి చేసి పండ్లకు రుద్దుకోవడం. ఒడిశా వైపు గుడాకు అంటారు, అదీ ఇట్లాంటిదే. శ్రీకాకుళం, గంజాం వైపు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఉన్నారు. మగవాళ్లకు రాత్రిపాళీలో నిద్ర ఆపుకోవడానికి తంబాకు చునా. కుర్రవాళ్లకు మావా. మహారాష్ట్రలో గుట్కాను 2012లోనే నిషేధించారు, అది ఎంత దొరకకుండా ఉందో మీకు తెలియంది కాదు.

ఇట్లాంటి అలవాటు ఉన్న మనిషి కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే మొదట వినపడే మాట ఏమిటి? “ఏమిటమ్మా ఈ నోరు! ఇట్లా పెట్టుకుంటారా?” ఆ మాట విన్న ఆడమనిషి మళ్లీ వస్తుందా? పెదవి ముందర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే అలవాటు మన అవ్వలకు ఊరికే రాలేదు. ఆ మాట నేనూ అన్నాను. డాక్టర్ అయిన కొత్తలో నాకు తెలిసిన వైద్యం సగం తిట్లే. మంచి కోసమే తిడుతున్నాను అనుకునేదాన్ని.

ఇంట్లో మా నాయినను ఇంకా ఎక్కువ తిట్టేదాన్ని. జేబులో తంబాకు పుడక కనపడితే మోరీలో పారేసేదాన్ని. ఆయన ఎదురు చెప్పలేదు. నా ముందర తినడం మానేశాడు, అంతే. నాకు నేనే గెలిచాననుకున్నాను.

ఒక ఏడు దసరా తర్వాత ఆయన చారులో కారం వద్దనడం మొదలుపెట్టాడు. పిత్తం అనుకున్నాం. పెరుగన్నం తినేవాడు. ఒక ఆదివారం చాయ్ తాగుతుంటే చూశాను, కప్పును కుడివైపుకు వంచి తాగుతున్నాడు. ఎడమ చెంపకు చాయ్ తగలనివ్వడం లేదు. నోరు తెరవమన్నాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. ఎడమ చెంప లోపల రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ గట్టిగా, తెల్లగా. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే ఎనిమిది నెలలు అన్నాడు.

ఒక్క ఇంట్లో, ఒక్క పొయ్యి ముందర, పండ్ల డాక్టర్ కూతురు పక్కన కూర్చుని తింటుంటే ఎనిమిది నెలలు. ఎందుకు చెప్పలేదు నాయినా అంటే ఆయన చెప్పిన మాట ఇదే: “నువ్వు తిడతవని చెప్పలే బిడ్డా.”

నేను ఎన్ని సదస్సుల్లో మాట్లాడినా ఈ మాట దాటి ముందుకు పోలేకపోతున్నాను.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెప్తాను. ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సరే. పెద్ద ఊరికి పోయి ఆపరేషన్ చేయించాం. ఎడమ చెంప లోపలి భాగం, దవడ ఎముకలో ఒక ముక్క తీసేశారు. ఆ పుండు మొదటి నెలలో చూపించి ఉంటే దవడ మిగిలేదేమో. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అన్నారు. రేడియేషన్ ఇచ్చాక దవడ ఎముకకు గాయం మానే శక్తి తగ్గిపోతుంది, అందుకని పాడైన పండ్లను ముందే తీసేయాలి. అంటే, ముప్పై ఏండ్లు ఒక్క పన్ను చూపించడానికి జడిసిన మనిషికి ఒకే పూట ఏడు పండ్లు తీయాల్సి వచ్చింది.

ఆ రోజు నేను పక్కన నిలబడ్డాను. చేసింది నేను కాదు, ఒక చిన్న వయసు డాక్టర్. మరాఠీ అబ్బాయి. పనిముట్లు కనపడకుండా గుడ్డ కప్పి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. “కాకా, నాకు తొందరేమీ లేదు. మీరు ఎడమ చెయ్యి ఎత్తితే నేను ఆపేస్తాను. ఎందుకు ఎత్తారని అడగను” అన్నాడు. మా నాయిన తల ఊపాడు గానీ నమ్మలేదని నాకు తెలుసు. సూది వేసి, పది నిమిషాలు కూర్చుని, చిగురు మీద మొన గుచ్చి చూసి, అప్పుడు మొదలుపెట్టాడు. నాయిన చెయ్యెత్తాడు. ఆ అబ్బాయి ఆపాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఆపాడు. మూడోసారి నొప్పి లేకుండానే ఎత్తాడట, నిజంగా ఆపుతాడా లేదా అని పరీక్ష పెట్టడానికి. ఆపాడు. ఇక ఆ తర్వాత చెయ్యి లేవలేదు. ఏడు పండ్లూ అయిపోయాయి.

ఇంటికి వస్తుంటే కాగితం మీద రాసి చూపించాడు, మాట సరిగా రావడం లేదు కనక. “వాడు హ్యాండిల్ నా చేతికిచ్చిండు” అని రాశాడు.

ముప్పై నాలుగేండ్లు చెవులు చిల్లులు పడే చప్పుడులో నిలబడ్డ మనిషికి, పక్కన నాడె ఎగిరిపడి ఒకరి కన్ను పోయినా మరునాడు పాళీకి పోయిన మనిషికి, వేలెడంత మిషన్ కూతకు ఎందుకంత భయమో నాకు అప్పుడు అర్థమైంది. మగ్గం దగ్గర పేక తెగితే మగ్గం దానంతటదే ఆగుతుంది. పడుగు తెగితే మనం చూసి హ్యాండిల్ తోసి ఆపుతాం. ఎంత వేగంగా నడిచినా ఆపడం మన చేతిలో ఉంది, అందుకే భయం లేదు. డాక్టర్ కుర్చీలో వెల్లకిలా పడుకుంటాం, నోట్లో వేరేవాళ్ల చెయ్యి, మాట రాదు, ఏం చేస్తున్నారో కనపడదు, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. హ్యాండిల్ ఎక్కడా లేదు. నొప్పి సంగతి తర్వాత, ముందు ఇది భయం.

కాబట్టి మీరు చేయాల్సింది, కుర్చీ ఎక్కకముందే హ్యాండిల్ అడగడం. “డాక్టర్ సాబ్, నాకు భయం. చెయ్యెత్తితే ఆపుతారా?” ఇది సిగ్గుపడే మాట కాదు. వినగానే నవ్వి కొట్టిపారేసే డాక్టర్ అయితే లేచి వచ్చేయండి, ఊర్లో ఇంకొకరు ఉంటారు. నా వృత్తివాళ్లకు కోపం వచ్చినా సరే, ఈ మాట చెప్తాను.

రెండో సంగతి. మొదటిరోజే ఏదో ఒకటి చేయించుకుని రావాలని లేదు. మొదటిసారి పోయి చూపించుకుని, ఎక్స్‌రే తీయించుకుని, ఎంత పని ఉంది, ఎన్నిసార్లు రావాలి, ఎంత ఖర్చు అని అడిగి ఇంటికి రండి. రెండోసారి క్లీనింగ్ లాంటి చిన్న పని. కుర్చీ, దీపం, వాసన అలవాటు కావాలి. ఆ వాసన చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఏం వాసనో తెలుసా? ఎక్కువభాగం లవంగం నూనె వాసనే. లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థం మేం పంటి సిమెంటులో కలుపుతాం. మీ ఇంట్లో పోపులడబ్బాలో ఉన్నదే అక్కడా ఉంది.

ఖాళీ కడుపుతో పోకండి. ఆపరేషన్‌కు పోయినట్టు ఉపవాసం ఉండి వస్తారు మనవాళ్లు, సూది వేయగానే కళ్లు తిరిగి పడిపోతారు, మందు పడలేదు అని ఊరంతా చెప్తారు. పూర్తి మత్తు ఇచ్చే పని అయితే తప్ప, మామూలు సూదికి ఉప్మానో రొట్టెనో తినే పోవాలి. బీపీ, షుగర్ గోళీలు ఎప్పటిలాగే వేసుకోవాలి. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు రక్తం పలచబడే మందు వాడుతుంటారు, అది డాక్టర్‌కు చెప్పాలి, మీ అంతట మీరు మానేయకూడదు. ధైర్యం కోసం ఒక పెగ్గు వేసి వచ్చే మహానుభావులు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పొద్దున పూట పోవడం మంచిది, సాయంత్రం దాకా భయాన్ని మోయనక్కర లేదు.

కుర్చీలో కూర్చున్నాక మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేది పొడుగ్గా ఉండాలి, అప్పుడే గుండె దడ తగ్గుతుంది. కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంటాం, ఆ పట్టు వదిలి అరచేతులు పైకి తిప్పి పెట్టుకోండి. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ మనసులో పడుగు పోగులు లెక్కపెట్టుకుంటానంది. నూరు దాటేలోపు పని అయిపోయింది.

సూది తర్వాత ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడ కొట్టుకోవచ్చు. మందులో కలిపే అడ్రినలిన్ వల్ల అది. చాలామంది గుండెపోటు అనుకుని బెదిరిపోతారు. దానంతటదే తగ్గుతుంది, అయినా డాక్టర్‌కు చెప్పండి. ఇంకోటి కూడా ముందే తెలిసి ఉండాలి. మందు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని ఆపదు. పన్ను తీసేటప్పుడు గట్టిగా నొక్కినట్టు, ఊపినట్టు తెలుస్తుంది. పటపట చప్పుడు కూడా వినిపిస్తుంది, అది ఎముక గుండా నేరుగా చెవికి పోతుంది గనక మనకు పెద్దగా వినపడుతుంది, పక్కవాళ్లకు వినపడదు. ఒత్తిడి వేరు, నొప్పి వేరు. సూదిగా పొడిచినట్టు ఉంటే మాత్రం చెయ్యెత్తండి, ఇంకొంచెం మందు వేస్తారు.

ఇంత చేసినా గడప దగ్గరే కాళ్లు వణికేవాళ్లు ఉంటారు. వాళ్లను ఎగతాళి చేయొద్దు. అట్లాంటివాళ్లకు ముందు వేసుకోవడానికి గోళీ ఇస్తారు, కొన్నిచోట్ల వాయువు పీల్పించి శాంతపరుస్తారు, మనసు డాక్టర్ల సాయం కూడా ఉంది. ఆ గోళీ డాక్టర్ రాసిచ్చిందే వేసుకోవాలి, పక్కింటి ముసలమ్మ నిద్రగోళీ కాదు.

పై పన్ను తీస్తే చూపు పోతుందా అని ప్రతి సభలో అడుగుతారు. పోదు. కంటి చూపు నరం వేరు, పంటి నరం వేరు. క్లీనింగ్ చేస్తే పండ్లు వదులైతాయా? కావు. పంటికి పట్టిన గార తీసేస్తే సందులు కనపడతాయి, నాలుగు రోజులు జివ్వుమంటది. ఆ గార పంటిని నిలబెడుతున్నదనుకుంటారు, నిజానికి చిగురును తినేది అదే.

పిల్లల దగ్గరికి వస్తాను. మనం పండ్ల డాక్టర్ అంటాం కదా, మా క్లినిక్‌కు ఒక నాలుగేండ్ల బాబు వచ్చి అన్ని మూలలూ వెతికాడు. ఏంట్రా అంటే, “పండ్లు ఏవి? జాంపండు ఇస్తరా?” అన్నాడు. వాడికి భయమే లేదు, ఎందుకంటే వాడిని ఎవరూ బెదిరించలేదు. మనం ఏం చేస్తాం? అన్నం తినకపోతే “డాక్టర్ దగ్గరికి తీస్కపోయి సూది ఏయిస్త” అంటాం. పిల్ల అల్లరి చేస్తే డాక్టర్ పేరు, పోలీసు పేరు ఒకే వరుసలో చెప్తాం. అట్లా పదేండ్లు చెప్పాక, పన్ను నొస్తుంది పోదాం పద అంటే ఎట్లా వస్తుంది? ఇంకో తప్పు, “అస్సలు నొప్పి ఉండదు” అని అబద్ధం చెప్పడం. కొంచెం చీమ కుట్టినట్టు ఉంటది, నేను పక్కనే ఉంటా అని చెప్పండి చాలు. అన్నకో అక్కకో చూపించే రోజు చిన్నవాణ్ణి ఊరికే వెంట తీసుకురండి. కుర్చీ పైకి కిందికి పోవడం చూసి వాడే ఎక్కుతానంటాడు. సూది వేయించుకున్న పిల్లలను రెండు మూడు గంటలు కనిపెట్టి ఉండండి, మొద్దుబారిన పెదవిని కొరుక్కుంటారు.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. నిజమే, తక్కువ కాదు. కానీ చిన్న రంధ్రం పూడ్చడానికి అయ్యేదానికి, అదే పంటికి రూట్ కెనాల్ చేసి టోపీ వేయడానికి అయ్యేదానికి చాలా తేడా ఉంది. విడతలుగా చేయమని అడగవచ్చు. బీడీ కార్డు ఉన్నవాళ్లు కార్మిక సంక్షేమ దవాఖానాలో అడగండి. మహాత్మా జ్యోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజన కింద క్యాన్సర్ చికిత్సలు వస్తాయి, రేషన్ కార్డు, ఆధార్ సిద్ధంగా ఉంచుకోండి.

ఇప్పుడు కూర్చున్నచోటే ఒక పని చేద్దాం. కుడిచేతి మూడు వేళ్లు కలిపి, నిలువుగా నోట్లోకి పోతాయేమో చూడండి. సిగ్గుపడొద్దు, అందరం చేస్తున్నాం. మూడూ పోవాలి. రెండే పోతున్నాయంటే, ముఖ్యంగా మావా, సుపారీ తినేవాళ్లకు, చెంప లోపల కండ గట్టిపడుతున్నదని అర్థం. ఇంటికి పోయి అద్దం ముందర వెలుతురులో చెంపల లోపల, నాలుక పక్కల, నాలుక కింద చూడండి. అడ్డపొగ తాగేవాళ్లు అంగిలి కూడా చూపించుకోవాలి. తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ పుండు గానీ రెండు వారాల్లో మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగకండి, మొదట్లో అది నొప్పి పెట్టదు. మా నాయినకూ పెట్టలేదు.

ఇండ్లలో ఉన్న చదువుకున్న పిల్లలకు ఒక మాట. ముందు నోరు చూడండి. తంబాకు సంగతి తర్వాత మాట్లాడవచ్చు, మానడానికి సాయం కూడా చేయవచ్చు. మొదటి మాటే తిట్టు అయితే రెండోసారి ఆ నోరు మీ ముందర తెరుచుకోదు.

నా మాటలు అయిపోయాయి. భోజనాల హాలు పక్కన చిన్న గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. అక్కడ నా దగ్గర ఒక టార్చి, చిన్న అద్దాలు, చేతి తొడుగులు తప్ప ఇంకేమీ లేవు. సూది లేదు, మిషన్ లేదు. రెండు గంటల దాకా కూర్చుంటాను. ఎవరు ఏం తింటారని అడగను. మా నాయిన గుమ్మం దగ్గర కూర్చుని వరుస చూస్తానన్నాడు, ఆయన మాట అర్థం కాకపోతే సైగ చూడండి.

వరుసలో మొదట మా అవ్వ. మిశ్రీ డబ్బా కొంగులో దాచుకుని పదేండ్లుగా నన్ను తప్పించుకుంటున్నది. ఈరోజు పొద్దున, తిట్టనని నా చేత ఒట్టు వేయించుకున్నాకే ఒప్పుకుంది.